అప్‌డేట్: తమ్ముడి గంజాయి కేసు అప్పీలులో తీర్పు వచ్చింది

ఆటో నడిపే మా తమ్ముడి బండిలో 24 కిలోల గంజాయి దొరికిందని పదేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా వేశారని, హైకోర్టులో అప్పీలు చేస్తే ఆశ ఉంటుందా అని నిరుడు అడిగాను. మొన్న తీర్పు వచ్చింది. శిక్ష కొట్టేశారు.

మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, అంటే కఠిన శిక్ష పడే పెద్ద మొత్తం. అలాంటి కేసుల్లో బెయిలును కష్టం చేసే ఆ చట్టంలోని సెక్షన్ 37 అడ్డుపడి, శిక్ష నిలిపివేయాలన్న పిటిషను మొదట్లోనే పోయింది. తీర్పు వచ్చేదాకా వాడు లోపలే ఉన్నాడు.

మేజిస్ట్రేటు ఎదుట శాంపిళ్లు తీయలేదు కాబట్టి, అలా తీయాలని చెప్పే సెక్షన్ 52ఎ ఒక్కటి చాలని మీలో చాలామంది ధైర్యం చెప్పారు. మా న్యాయవాది ఒప్పుకోలేదు. ఆ లోపం ఒక్కటే కేసును కూల్చదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పిందని, మిగతా సాక్ష్యం కూడా నిలవదని చూపాలని అన్నారు. ఆయన మాటే నిజమైంది.

పంచనామాలో మూడు సంచులు. ల్యాబుకు పంపిన లేఖలో రెండే. ఆ మధ్య పదకొండు రోజులు సరుకు ఎవరి దగ్గర ఉందో ఎక్కడా రాసి లేదు. ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి వేలితో చదువుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జైల్లో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుందని చెప్పినవారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆ న్యాయవాది మాకు అలాగే వచ్చారు.

నిన్న సాయంత్రం ఇంటికి వచ్చాడు. వెళ్లేనాటికి కూతురికి ఏడు నెలలు. గుర్తుపట్టక వాళ్ల అమ్మ కొంగు వెనక దాక్కుంది.