నెఫ్రోటిక్ మళ్ళీ తిరగబెట్టింది, లెవమిసోల్ వాడినవాళ్ళు చెప్పండి

రాజోలు అమ్మ:
మా బాబుకి ఆరేళ్ళు, నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఉంది, అంటే మూత్రంలో ప్రోటీన్ పోయి ఒళ్ళు ఉబ్బే కిడ్నీ జబ్బు. సంక్రాంతి నుంచి ఇది మూడోసారి తిరగబెట్టడం. జలుబు చేస్తే చాలు, రెండు రోజులకల్లా కళ్ళు ఉబ్బిపోతాయి. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర మొదలుపెడితే వారం పది రోజుల్లో తగ్గుతుంది, డోసు తగ్గించుకుంటూ వస్తుంటే మళ్ళీ మొదటికే. ముఖం గుండ్రమైపోయింది, పొద్దస్తమానం ఆకలి, ఊరికే కోపం. ఈసారి డాక్టరుగారు లెవమిసోల్ కూడా రాశారు. మందుల షాపతను చీటీ చూసి "ఇది నులిపురుగుల మందు కదమ్మా" అన్నాడు, అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

భీమవరం నాన్న:
అతను అన్నది నిజమేనండీ, ఒకప్పుడు నులిపురుగులకే ఇచ్చేవారు. ఈ జబ్బులో మళ్ళీమళ్ళీ తిరగబెట్టకుండా, స్టెరాయిడ్ తగ్గించడానికి ఇస్తారు. మా పాపకి కిలోకి 2 మిల్లీగ్రాముల చొప్పున రోజు విడిచి రోజు, ఏడాదిన్నర వాడాం. రెండుసార్లు వచ్చింది, అంతకుముందు అయిదుసార్లు. తెల్లకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి రక్తపరీక్ష మాత్రం వాయిదా వేయకండి, జ్వరమొస్తే ఆ రోజే కౌంట్ చూపించండి. దీనితో ఆగకపోతే మైకోఫెనొలేట్, సైక్లోఫాస్ఫమైడ్ లాంటి వేరే మందులు ఉన్నాయి, దారి మూసుకుపోలేదు.

అమలాపురం అమ్మమ్మ:
మేము చేసిన తప్పు చెప్తాను తల్లీ. మనవడి ముఖం చూసి అందరూ "స్టెరాయిడ్లు పిల్లాణ్ణి పాడు చేస్తాయి" అంటుంటే నేనే మాత్రలు ఆపించి కొండపిండాకు కషాయం పట్టించాను. అయిదో రోజుకి పొట్టలో నీరు, కాకినాడలో తొమ్మిది రోజులు మంచం. అన్నాళ్ళు వాడినది ఒక్కసారిగా మానేస్తే ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ అందదట, మెల్లగా తగ్గించాలట. ఆ మాట ముందు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పాలకొల్లు పిన్ని:
కళ్ళు ఉబ్బేదాకా ఆగకండి. పొద్దున్నే మొదటి మూత్రానికి ప్రోటీన్ చూసే స్ట్రిప్ పెట్టి నోటుబుక్‌లో రాయండి. వరుసగా మూడు రోజులు 3 ప్లస్ వస్తే తిరగబెట్టినట్టే, మూడు రోజులు నిల్ లేదా ట్రేస్ వస్తే తగ్గినట్టు. జలుబు, జ్వరం వచ్చినప్పుడు మా డాక్టరు రోజు విడిచి రోజు వేసే స్టెరాయిడ్ మాత్రని అయిదారు రోజులపాటు రోజూ వేయమంటారు, మీరూ అడిగి చూడండి. వాపు ఉన్నన్నాళ్ళూ ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు ఇంట్లోనే కనపడనివ్వకండి.

రాజోలు అమ్మ:
ఆవకాయ దాచడమే కష్టం పిన్నిగారూ, వాళ్ళ నాన్నకి అది లేకపోతే ముద్ద దిగదు. స్ట్రిప్పులు రేపు తెప్పిస్తాను. టీకాల సంగతి ఎవరికైనా తెలుసా?

భీమవరం నాన్న:
స్టెరాయిడ్ ఎక్కువ డోసులో ఉండగా బతికున్న క్రిములతో చేసే టీకాలు, అంటే తట్టు, ఆటలమ్మ లాంటివి, వేయరు. బడిలో ఎవరికైనా ఆటలమ్మ సోకిందని తెలిస్తే ఆ పూటే డాక్టరుకి ఫోన్ చేయండి.