మ్యూయోనియం లెక్కకు ఎర్రర్ బార్ (అటూ ఇటూ ఉండే అనుమానం) ఎంత: 70 హెర్ట్జా, 515 హెర్ట్జా?

చలపతి: మ్యూయోనియం అంటే పాజిటివ్ మ్యూయాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే, కానీ బరువైన కణం) చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్. దాని గ్రౌండ్ స్టేట్ హైపర్‌ఫైన్ విభజనకు (రెండు కణాల స్పిన్‌ల దిశలను బట్టి చీలిన శక్తి స్థాయిల మధ్య తేడా) 1999లో వెలువడిన లాస్ అలమోస్ కొలత 4,46,33,02,765 హెర్ట్జ్, అటూ ఇటూ 53. సిద్ధాంతం చెప్పేది 4,46,33,02,872, అటూ ఇటూ 515. తేడా 107 మాత్రమే. హైడ్రోజన్‌లో అయితే ప్రోటాన్ నిర్మాణం అడ్డొస్తుంది. ఇక్కడ అదీ లేదు కదా, మరి లెక్కకు ఇంత అనుమానం ఎందుకు?

సింధు: లెక్క తప్పేం లేదండీ! ఆ 515లో 511 మ్యూయాన్-ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి నిష్పత్తి నుంచి వచ్చిందే. ఇంకా లెక్కించని క్యూఈడీ (విద్యుదయస్కాంతపు క్వాంటం సిద్ధాంతం) పదాల వాటా సుమారు 70. ఇవి నేరుగా కాదు, వర్గాలుగా కలుస్తాయి. ద్రవ్యరాశి సరిగ్గా తెలియకపోతే ఆ నింద సిద్ధాంతం మీద వేస్తారేంటి? భౌతిక స్థిరాంకాల విలువలు ప్రకటించే కోడేటా ఇచ్చే నిష్పత్తి 22 పీపీబీకి (వంద కోట్లలో 22 వంతులకు) తెలుసు. అది పెడితే అంతా కలిపి 120 చుట్టుపక్కలకు దిగుతుంది.

మురళి: సింధు గారూ, అక్కడే తిరకాసు. కోడేటా నిష్పత్తి అంత కచ్చితంగా రావడానికి కారణమే ఈ హైపర్‌ఫైన్ కొలత. దాన్నే మళ్లీ లెక్కలో పెడితే, తూకపు రాయిని చెక్కిన తక్కెడలోనే ఆ రాయిని తూచి సరిపోయిందన్నట్టు. కొత్త భౌతికశాస్త్రం కోసం వెతికేవాడికి 515 వేయాల్సిందే. ద్రవ్యరాశి తెలుసుకోవాలనుకునేవాడికి మాత్రం మీ 70 చాలు.

చలపతి: సరే, ఆ 70 ఎలా వచ్చింది? అది కొలిచి తెచ్చింది కాదు కదా.

మురళి: ఊహే. ఆల్ఫా (విద్యుదయస్కాంత బలాన్ని చెప్పే సంఖ్య, సుమారు 1/137) ఘనాన్ని ద్రవ్యరాశి నిష్పత్తితో భాగించి, విభజనతో గుణిస్తే 8 హెర్ట్జ్ చిల్లర. ముందు ఆల్ఫా లాగరిథమ్ వర్గం ఉంటే 24 రెట్లయి 200 దాటుతుంది. పెద్ద లాగ్ పదాలు ఇప్పటికే లెక్కించారు, హారంలో π లు కూడా ఉంటాయి కాబట్టి అంత భయం లేదు. కానీ దాన్ని గాస్ వక్రరేఖలా చూసి "ఇన్ని సిగ్మాలు" (ఎర్రర్ బార్‌కు ఎన్ని రెట్ల తేడా అని) అనడం నాకు నచ్చదు.

సింధు: నిష్పత్తి విషయంలో ఒప్పుకుంటున్నాను, ఆ కోణం నేను చూడలేదు. కానీ 515 అని ఒక్క అంకె వేస్తే చదివేవాడికి ఏది దేని వాటానో తెలియదు. 511, 70 విడివిడిగా రాయాలి. జపాన్‌లోని జే-పార్క్ యాక్సిలరేటర్ కేంద్రంలో మ్యూజియం (MuSEUM) అనే ప్రయోగం విభజనతో పాటు ద్రవ్యరాశి నిష్పత్తినీ పది రెట్లు మెరుగ్గా తేవాలని చూస్తోంది. అది తెస్తే 511 యాభైకి దిగుతుంది, అప్పుడు మీ ఊహల 70 అన్నిటికంటే పెద్దదవుతుంది.

మురళి: అప్పుడు మళ్లీ ఇక్కడే కొట్టుకుందాం లెండి.