స్మార్ట్‌ఫోన్ పక్కన పెట్టి బటన్ ఫోన్‌కి మారినవాళ్ళు ఉన్నారా? రొయ్యల చెరువు మీద ఉండేవాడిని, ఏమేం ఆగిపోతాయో చెప్పండి

చెరువుగట్టు (విడవలూరు దగ్గర):

అందరికీ నమస్తే. సొంతానివి రెండెకరాలు, కౌలువి మూడు. మొత్తం వనామీ రకం రొయ్యే. నాకు 34 ఏళ్ళు. రాత్రి కాపలా నాది, పగలు మా నాయనది.

పోయిన పంటలో 68వ రోజున జరిగింది చెబుతాను. ఈ పని తెలియనివాళ్ళకి ఒక ముక్క: పగలు నీళ్ళలోని ప్లాంక్టన్ (కంటికి ఆనని నాచులాంటిది) ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక అదీ పీల్చేదే, రొయ్యా పీల్చేదే. అందుకని తెల్లవారుజామున మూడు నుంచి అయిదు దాకా ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ రెండు గంటలు ఏరేటర్లు, అంటే నీళ్ళు చిలికి గాలి కలిపే ఫ్యాన్లు, తిరగాలి. మిగతా రాత్రంతా నిద్రపోయినా పర్లేదు గానీ ఆ రెండు గంటలు మెలకువగా ఉండాలి.

నేను మెలకువగానే ఉన్నాను. అదే బాధ. షెడ్డులో మంచం మీద, చెవుల్లో ఇయర్‌ఫోన్స్. ఎవడో ఇద్దరు అడవిలో వట్టి చేతులతో మట్టి తవ్వి స్విమ్మింగ్ పూల్ కడుతున్నారు. దాని తర్వాత ఇంకోటి, దాని తర్వాత ఇంకోటి. ఒక ఫేజు పోయి ఒకవైపు ఏరేటర్లన్నీ ఆగిపోయాయి. నేను తల ఎత్తేసరికి 4.20. టార్చి వేస్తే గట్టు పొడుగునా రొయ్యలు తేలి ఉన్నాయి. జనరేటర్ వేశా, ఆక్సిజన్ టాబ్లెట్లు చల్లా. తెల్లారాక ఏరితే రెండు క్వింటాళ్ళ దాకా వచ్చింది. మా నాయన ‘ఏందబ్బా ఇది’ అన్నాడు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన కాపలా ఉన్న రోజుల్లో ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేవాడు, కానీ ఫ్యాన్ల మోత మారితే చాలు, లేచి కూర్చునేవాడు.

నాకు ఈ జబ్బు రీల్స్‌తో మొదలు కాలేదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతం అన్నారు చూడండి, అప్పుడు పట్టుకుంది. వంద కౌంట్ (కిలోకి వంద రొయ్యలు తూగేది) ఎంత, ముప్పై కౌంట్ ఎంత, కొంటున్నారా ఆపేశారా అని పొద్దున్నుంచి రాత్రిదాకా చూడటమే. రేట్ల గ్రూపులే పదకొండు ఉన్నాయి నా ఫోన్లో. రేటు చూడటానికి తీస్తాను. చూశాక వేలు దానంతటదే కిందికి పోతుంది. రోజుకి ఏడు గంటల పన్నెండు నిమిషాలట, ఫోనే చూపించింది.

యాప్ తీసేశా, నాలుగో రోజుకి మళ్ళీ వేశా. పాస్‌వర్డ్ మార్చి మా ఆవిడకి ఇచ్చా. ఓటీపీ వచ్చేది నా నంబరుకే కదా, నేనే మళ్ళీ మార్చుకున్నా. సిగ్గుగానే ఉంది చెప్పడానికి.

ఇప్పుడు డబ్బా ఫోన్ కొందామని ఉంది. అనుమానాలు ఇవి. మేత కొట్టుకి, కూలీలకి డబ్బులు ఎట్టా పంపాలి? కరెంటు పోతే ఫోన్ చేసి చెప్పే మొబైల్ స్టార్టర్ పనిచేస్తుందా? నాది జియో సిమ్, ఆ ఫోన్లో పడుతుందా? రేట్లు ఎట్టా తెలుస్తాయి? దయచేసి ‘మనసు గట్టిగా ఉంటే ఏ ఫోనైనా ఒకటే’ అని మాత్రం చెప్పొద్దు. అది లేకనే అడుగుతున్నా.

పాలిష్ మిషన్ (చీమకుర్తి):

మా తమ్ముడు మార్చాడన్నా. నెల తిరక్కుండానే మా మరదలి ఫోన్ లాక్కున్నాడు. ఇప్పుడు ఆయన దగ్గర రెండు ఫోన్లు, ఆమె దగ్గర ఒక్కటీ లేదు. కొనేముందు ఇంట్లో ఇంకెన్ని స్మార్ట్‌ఫోన్లు ఉన్నాయో లెక్క చూసుకో.

సెల్ పాయింట్ (ఒంగోలు):

కర్నూలు రోడ్డు వైపు చిన్న కొట్టు నాది. మీలాంటివాళ్ళు ఈమధ్య బాగానే వస్తున్నారు. సగం మంది తప్పుడు ఫోన్ కొని తిరిగొస్తారు కాబట్టి చెబుతున్నా.

జియోకి 2జీ నెట్‌వర్కే లేదు. అల్మారాలో పడి ఉన్న పాత నోకియా తీసి అందులో జియో సిమ్ వేస్తే సిగ్నలే రాదు. ఫోన్ వచ్చే అట్టపెట్టె మీద 4జీ అని, కాల్స్‌కి వోల్టే (4జీ మీదే కాల్ పోయే పద్ధతి) ఉందని చూసి తీసుకోండి. అది కూడా చవకే. కైఓఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న కొన్ని పాత బటన్ ఫోన్లలో వాట్సాప్ వచ్చేది, ఇప్పుడు అందులో ఆపేశారు. వాట్సాప్ ఉంటుందని ఎవరైనా అమ్మితే కొనొద్దు. మీకు కావాల్సిందీ అది కాదనుకోండి.

మొబైల్ స్టార్టర్ సంగతికి టెన్షన్ వద్దు. అందులో ఉండేది ఒక సిమ్. కరెంటు పోతే మీ నంబరుకి కాల్ చేస్తుంది, లేదా మెసేజ్ పెడుతుంది. దానికి మీది ఏ ఫోనైనా ఒకటే. యాప్‌తో మాత్రమే నడిచే కొత్త రకం అయితే వేరే మాట, ముందు అది చూసుకోండి. పైగా డబ్బా ఫోన్ రింగు ఏరేటర్ మోతలో కూడా వినపడుతుంది, ఛార్జింగ్ రెండు మూడు రోజులు ఉంటుంది.

నంబర్లు మాత్రం ముందే దించుకోండి. మీవన్నీ గూగుల్ అకౌంట్లో ఉంటాయి, సిమ్ మార్చగానే వాటంతటవి రావు. సిమ్ మీదికి కాపీ చేస్తే రెండొందల యాభై దాకా పడతాయి, పొడుగు పేర్లు తెగిపోతాయి. ‘మేత కొట్టు సుబ్బారావు కొత్త నంబరు’ అని పెట్టుకుంటే ‘మేత కొట్టు సు’ దగ్గర ఆగుతుంది.

రీచార్జి కూడా చూసుకోండి. టెలికాం కంపెనీల మీద ఉండే ట్రాయ్ చెప్పడంతో 2025 జనవరి నుంచి డేటా లేకుండా కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు పెట్టారు. అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

కావలి టైలరమ్మ:

తమ్ముడూ, నేను మారి ఎనిమిది నెలలు. నాకు చెరువు లేదు గానీ కత్తెర ఉంది. ఒకావిడ పట్టుచీర జాకెట్టు కత్తిరిస్తూ, వెనక మెడ డిజైన్ ఒకసారి చూద్దామని ఫోన్ తీశాను. డిజైన్ నుంచి వంటలకి, వంటల నుంచి ఎవరిదో పెళ్ళికి పోయాను. తిరిగొచ్చి పరధ్యానంగా రెండు చేతులూ ఒకే వైపుకి కత్తిరించేశాను. చీరతో వచ్చిన ముక్క అది, బజారులో మళ్ళీ దొరకదు. ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. డబ్బులు ఇస్తానన్నా తీసుకోలేదు, ఆ తర్వాత ఇంతవరకూ మా గుమ్మం తొక్కలేదు.

నేను స్మార్ట్‌ఫోన్ అమ్మేయలేదు. ఆ చీమకుర్తి తమ్ముడు చెప్పినట్టు అమ్మితే ఇంకొకరిది లాక్కుంటాం. మిగిలిన లైనింగు గుడ్డతో ఒక సంచి కుట్టి, మిషన్‌కి ఎదురుగా గోడకి మేకు కొట్టి, అందులో పెట్టాను. కూర్చుంటే చెయ్యి అందదు. ఛార్జర్ కూడా అక్కడే. చూడాలంటే లేచి నిలబడి చూడాలి. నిలబడి ఎంతసేపు చూస్తాం? కాళ్ళు లాగుతాయి. మా చిన్నప్పుడు ల్యాండ్‌లైన్ ఎక్కడుంటే మనమే అక్కడికి పోయేవాళ్ళం, అది మన వెంట వచ్చేది కాదు. మధ్యాహ్నం ఒకసారి, కొట్టు కట్టేముందు ఒకసారి డిజైన్లు చూసుకుంటాను. మొన్న ఆదాయ సర్టిఫికెట్ కావాల్సి వస్తే ప్రభుత్వం వాళ్ళ ‘మన మిత్ర’ వాట్సాప్‌లో నిలబడే పెట్టాను.

నడుముకి దోపుకునేది చిన్న ఫోన్. బ్యాంకు నంబరు సిమ్ దాంట్లోనే వేశాను, ఓటీపీలు మెసేజ్‌లే కాబట్టి ఇబ్బంది లేదు. డబ్బులు తీసుకోవడానికి అసలు ఏ ఫోనూ అక్కర్లేదు. క్యూఆర్ స్టిక్కరు, డబ్బులు పడగానే అరిచే బాక్సు ఉంటే చాలు, బాక్సులో దాని సిమ్ దానికే ఉంటుంది.

డబ్బులు పంపడానికి యూపీఐ 123పే ఉంది. రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో మనలాంటి ఫోన్ల కోసమే పెట్టింది. నంబరుకి కాల్ చేసి, అది అడిగిన అంకెలు నొక్కుతూ పోవాలి. స్కాన్ చేయలేం, ఎదుటివాళ్ళ మొబైల్ నంబరు కొట్టి పంపాలి. మొదట అయిదు వేల వరకే, తర్వాత పదివేలు చేశారు. మొదటిరోజు మూడుసార్లు తప్పు నొక్కాను. ఇప్పటికీ అది పూర్తయ్యేలోపు దారం కొట్టుకి డబ్బులు చేత్తో ఇచ్చేయడమే తేలిక. నీ మేత బిల్లు లక్షల్లో ఉంటుంది కాబట్టి దానికి ఇది చాలదు. అదొక్కటీ బ్యాంకులో చూసుకో.

మొదటి పది రోజులు చెయ్యి ఊరికే నడుము దగ్గరికి పోయేది. మోగకుండానే మోగినట్టు ఉండేది. ఇంకో నష్టం కూడా చెబుతా, దాచడం ఎందుకు. మా పిన్ని మనవరాలి ఓణీల ఫంక్షన్ పిలుపు వాట్సాప్‌లో వచ్చింది, నేను చూడలేదు, పోలేదు. పిన్ని మూడు నెలలు మాట్లాడలేదు. ఇప్పుడు మా వాళ్ళందరూ నాకు ఫోన్ చేసే పిలుస్తున్నారు. ‘దీనికి వేరే పిలుపులు’ అని మూతి విరుస్తూనే అనుకో.

చెరువుగట్టు:

అక్కా, సంచి మాట బాగుంది. కానీ నేను రాత్రంతా ఒంటరిగా ఉంటా. నిద్ర రాకుండా ఏం చేసేవాళ్ళు మీరు?

కావలి టైలరమ్మ:

నేను రాత్రుళ్ళు నిద్రపోతా తమ్ముడూ. రేడియో పెట్టుకో.

ఎనిమిదో తరగతి సార్ (కనిగిరి వైపు):

నేను మారలేను. మా హాజరే ఫోన్లో ముఖం చూపిస్తే పడుతుంది. కాబట్టి నా దారి వేరు. ఫోన్ తెరని నలుపు తెలుపు చేసి పెట్టుకున్నాను. సెట్టింగ్స్‌లో బెడ్‌టైమ్ మోడ్‌లో గ్రేస్కేల్ అని ఉంటుంది. రంగు పోతే సగం మోజు పోతుంది, పిల్లల రిపోర్టులు మాత్రం చదువుకోవచ్చు. యూట్యూబ్ చాలా ఫోన్లలో అన్‌ఇన్‌స్టాల్ కాదు గానీ డిజేబుల్ అవుతుంది.

మీ పోస్టులో ‘వేలు దానంతటదే కిందికి పోతుంది’ అన్న మాట దగ్గర ఆగాను. వెనకటికి వెబ్ పేజీకి ఒక అడుగు ఉండేది. అక్కడ ‘తర్వాతి పేజీ’ అని ఉంటే, నొక్కాలా వద్దా అని ఒక్క క్షణమైనా అనుకునేవాళ్ళం. ఆ అడుగు లేకుండా కిందికి జారుతూనే ఉండే పద్ధతిని 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ చేశాడు. తర్వాత ఆయనే దానికి పశ్చాత్తాపపడ్డాడు. మీరు ఆగలేకపోయింది ఆగే చోటు తీసేసిన దాని ముందు. సిగ్గు పడాల్సినంత లేదు.

ఒక్క అభ్యంతరం మాత్రం ఉంది. రేట్ల భయం ఫోన్‌తో రాలేదు, ఫోన్ మారిస్తే పోదు. రోజుకి ఒక్కసారి ఎవరిని అడిగి తెలుసుకోవాలో ముందే అనుకోండి. లేకపోతే పక్క చెరువాయన ఫోన్లోకి తొంగి చూస్తారు.

చెరువుగట్టు:

అయిదు వారాలైంది, చెబుదామని వచ్చా. ఇది మా ఆవిడ ఫ్రిజ్ మీద పెట్టిన పాత ఫోన్ నుంచే టైపు చేస్తున్నా, నిలబడి.

4జీ డబ్బా ఫోన్ కొన్నా. అసలు నంబరు దాంట్లో వేశా. స్టార్టర్ కాల్ వస్తోంది. పాత ఫోన్లో వేరే సిమ్ వేసి, వాట్సాప్ ఆ నంబరు మీదికి మార్చి ఇంట్లో పెట్టా. పదకొండు గ్రూపుల్లో తొమ్మిదింటి నుంచి బయటికొచ్చా. సార్ చెప్పింది నిజం, మొదటి వారం పక్క చెరువాయన ఫోన్లోకే తొంగి చూశా. ఇప్పుడు పొద్దున పదింటికి రొయ్యలు కొనే ఏజెంటుకి ఒక్క కాల్ చేస్తా. ఆయన చెప్పే రేటుకీ ఆ పదకొండు గ్రూపుల రేటుకీ తేడా రూపాయో రెండో. మేత బిల్లు కోసం మాత్రం వారానికోసారి బ్యాంకుకి పోతున్నా. గంట పోతుంది. అది పోయినట్టే.

రెండో వారంలో ఒక రాత్రి ఆగలేక, పదకొండింటికి బండి వేసుకుని ఇంటికి పోయా. చెరువుకీ ఇంటికీ రెండు కిలోమీటర్లు. మా ఆవిడ తలుపు తీసి ‘ఏం మర్చిపోయారు’ అంది. ‘టార్చి’ అన్నా. చొక్కా జేబులో ఉన్న డబ్బా ఫోన్‌కే ఇంత టార్చి వెలుగుతోంది, ఆర్పడం మర్చిపోయా. ఆమె ఫ్రిజ్ వైపు చూసింది, నా జేబు వైపు చూసింది, మంచినీళ్ళ చెంబు చేతికిచ్చి పంపింది.

పాము ఆట కూడా ఉంది ఇందులో. రెండు రాత్రులు ఆడి నాకే విసుగొచ్చి వదిలేశా. రాత్రి పొడుగ్గా ఉంటోంది, అది అబద్ధం చెప్పను. రొయ్య మేత తిన్నదో లేదో చూసే చెక్ ట్రేలు ఇదివరకు రెండుసార్లు ఎత్తేవాడిని, ఇప్పుడు ఊరికే కూర్చోలేక నాలుగుసార్లు ఎత్తుతున్నా. మొన్న మూడున్నరకి స్టార్టర్ కాల్ రాకముందే లేచి నిలబడ్డా. ఎందుకు లేచానో ముందు అర్థం కాలేదు. ఒక ఏరేటర్ గేర్‌బాక్స్ దగ్గర మోత తేడాగా ఉంది, కరెంటు బాగానే ఉంది. పొద్దున మా నాయనకి చెబితే, నూనె పోయమన్నాడు.

ఒంగోలు అన్నా, ఒక సాయం. ఈ ఫోన్‌కి పాత మైక్రో పిన్ను, మా ఇంట్లో, చుట్టుపక్కలా అన్నీ సీ టైపే. వచ్చిన ఛార్జర్ వైరు షెడ్డులో ఎలుక కొరికేసింది. మంచిది ఒకటి ఉంటే బస్సు పార్శిల్లో వేయగలరా? డబ్బులు మీ నంబరుకి 123పేలో పంపుతా. మూడుసార్లు తప్పు నొక్కేదాకా ఓపిక పట్టండి.