హైదరాబాద్‌లో మొదటి ఇల్లు: 35 లక్షల లోపు కొన్నవాళ్లు మీ అనుభవం చెప్పండి

రామంతాపూర్ అద్దెఇల్లు
అందరికీ నమస్కారం. మాది నల్గొండ దగ్గర పల్లె. పెళ్లయి ఆరేళ్లు, అప్పటినుంచి రామంతాపూర్‌లోనే అద్దెకు ఉంటున్నాం. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 68 వేలు. అద్దె 14 వేలు, ప్రతి జూన్‌లో ఓనర్ వెయ్యి పెంచుతారు. పాప వచ్చే ఏడాది ఒకటో తరగతి. ఈసారి ఇల్లు మారితే సొంత ఇంట్లోకే మారాలని నా పట్టుదల. చేతిలో 9 లక్షలు ఉన్నాయి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన సబ్సిడీ వస్తుందని ఒకరు, అది ఎప్పుడో ఆగిపోయిందని ఇంకొకరు చెబుతున్నారు. ప్రభుత్వం అమ్మే స్వగృహ ఫ్లాట్ల మాట కూడా విన్నాను. నిజంగా కొన్నవాళ్లు చెబితే మాకు దారి తెలుస్తుంది.

మియాపూర్ 2018
చెల్లెమ్మా, ఇద్దరూ చెప్పింది నిజమే. ఆగిపోయింది పాత పథకం. మేం 2018లో కొన్నాం, అప్పుడు మా ఆదాయం ఏడాదికి 6 నుంచి 12 లక్షల శ్లాబులో ఉంది. ఆ శ్లాబుకు 9 లక్షల అప్పు వరకు 4 శాతం వడ్డీ సబ్సిడీ ఉండేది. ఎనిమిది నెలలు ఎదురుచూశాక 2 లక్షల 35 వేలు ఒకేసారి లోన్ అసలులో జమ అయ్యాయి. ఆ రోజు మా ఆయన బ్యాంకు మెసేజ్ పదిసార్లు చదివారు. మాలాంటి మధ్యతరగతి శ్లాబులకు అది 2021 మార్చితో ఆగింది, 6 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు 2022 మార్చి వరకు నడిచింది. ఇప్పుడున్నది రెండో విడత. దాని లెక్క వేరు, తెలిసినవాళ్లు చెప్పాలి.

లోన్ సెక్షన్
నేను ఒక బ్యాంకులో గృహ రుణాల విభాగంలో పనిచేస్తున్నాను. రోజూ ఇదే ప్రశ్న వస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

2024 సెప్టెంబర్ 1 నుంచి పట్టణ ఆవాస్ యోజన 2.0 మొదలైంది. వడ్డీ సబ్సిడీ కావాలంటే కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షలు దాటకూడదు. ఇంటి విలువ 35 లక్షల లోపు, లోన్ 25 లక్షల లోపు, కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే నేల) 120 చదరపు మీటర్ల లోపు ఉండాలి. దేశంలో ఎక్కడా మీ కుటుంబం పేరున పక్కా ఇల్లు ఉండకూడదు. గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ గృహ పథకంలోనూ ఇల్లు తీసుకుని ఉండకూడదు. సెకండ్‌హ్యాండ్ ఫ్లాట్‌కూ వర్తిస్తుంది.

ఇచ్చేది మొదటి 8 లక్షల మీద 4 శాతం, 12 ఏళ్ల కాలానికి. అన్నీ కలిపి గరిష్ఠంగా 1 లక్షా 80 వేలు. ఇది పాత పథకంలోలా ఒకేసారి రాదు, అయిదేళ్లపాటు ఏటా కొంత చొప్పున వస్తుంది. చాలామంది పట్టించుకోని షరతు ఇంకొకటి ఉంది. ప్రతి వాయిదా విడుదలయ్యే సమయానికి లోన్ నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా బాకీ ఉండాలి. ఊళ్లో పొలం అమ్మిన డబ్బు వచ్చిందని రెండో ఏడాదే సగం అప్పు కట్టేసిన కస్టమర్‌కు ఈ సంగతి ఎవరూ ముందు చెప్పలేదు. ఆయన ముఖం చూసి నాకు చాలా బాధనిపించింది.

అమ్మా, మీ లెక్క చూద్దాం. 33 లక్షల ఫ్లాట్ అనుకోండి. లోన్ 25 లక్షలు పోను 8 లక్షలు మీరు పెట్టాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అంటే దాదాపు 2 లక్షల 48 వేలు. దీన్ని బ్యాంకు లోన్‌లో కలపదు. అంటే మీ 9 లక్షలు చాలవు, ఇంకో లక్షన్నర కావాలి. 20 ఏళ్లకు 8.5 శాతం వడ్డీ అయితే ఈఎంఐ దాదాపు 21,700. సబ్సిడీ మంచిదే, కానీ అది మీ అడ్వాన్స్ డబ్బుకు అక్కరకు రాదు. అసలు ఇబ్బంది ఈఎంఐ కాదు, ఈ చేతి డబ్బే.

రామంతాపూర్ అద్దెఇల్లు
చాలా థ్యాంక్స్ అండి. ఒక్క సందేహం. ఊళ్లో మా మామగారి పేరున పెంకుటిల్లు తీసేసి కట్టిన డాబా ఉంది. దానివల్ల మాకు అర్హత పోతుందా? రాత్రంతా అదే టెన్షన్.

లోన్ సెక్షన్
ఈ పథకంలో కుటుంబం అంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. మామగారి పేరున ఉన్న ఇల్లు మీ లెక్కలోకి రాదు. మీ ఇద్దరి పేర్లలో ఏదీ లేకపోతే చాలు.

పోచారం నుంచి
స్వగృహ గురించి నేను చెప్తాను. మేం లాటరీలో తీసుకున్నవాళ్లమే.

తెలియనివాళ్ల కోసం: రాజీవ్ స్వగృహ ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మధ్యతరగతి కోసం మొదలైంది. బండ్లగూడలో, పోచారంలో టవర్లు లేచాయి, పనులు మధ్యలో ఆగిపోయి ఏళ్ల తరబడి అలాగే ఉన్నాయి. చివరికి 2022లో తెలంగాణ ప్రభుత్వం లాటరీ పెట్టి అమ్మింది. పోచారంలో పూర్తయిన ఫ్లాట్ చదరపు అడుగు 2,500, సగంలో ఆగినది 2,250. బండ్లగూడలో 3,000, 2,750. బయట అప్పటికే ఆ ధరకు దొరికేది కాదు.

మాకు సగంలో ఆగినది వచ్చింది, దాదాపు వెయ్యి అడుగులు. గోడలు, స్లాబు బాగున్నాయి. టైల్స్, వైరింగ్, తలుపులు, బాత్రూమ్ ఫిట్టింగులు అన్నీ మావే. నాలుగు లక్షలు అనుకున్నది అయిదున్నర అయింది. బాల్కనీ వైపు గోడకు చెమ్మ వచ్చింది, వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయించాం. డబ్బు కట్టే గడువులు గట్టివి, బ్యాంకు లోన్ ముందే మాట్లాడిపెట్టుకోకపోతే ఊపిరాడదు. మొదటి ఏడాది సగం ఫ్లాట్లలో లైట్లు వెలిగేవి కావు, సాయంత్రం పిల్లలు ఆడుకోవడానికి తోడు ఉండేది కాదు. ఇప్పుడు కింద కూరగాయల బండి వస్తుంది, దసరాకు బతుకమ్మ ఆడాం. మళ్లీ నోటిఫికేషన్ వస్తే తప్పకుండా అప్లై చేయండి. కానీ లాటరీని నమ్ముకుని మిగతా వెతుకులాట ఆపకండి.

అమీన్‌పూర్ రవ్వంత
నేను చెప్పేది ఎవరికీ జరగకూడదు. ‘ప్రీలాంచ్, 24 లక్షలకే డబుల్ బెడ్‌రూమ్, మొత్తం డబ్బు ఒకేసారి కడితే భూమిలో వాటా రిజిస్ట్రేషన్ చేస్తాం’ అని ఒక బిల్డర్ చెబితే నాన్న రిటైర్మెంట్ డబ్బులోంచి 12 లక్షలు కట్టాం. నాలుగేళ్లయింది. అక్కడ ఇప్పటికీ రేకుల కంచె, కుక్కలు. ఆ భూమి వాటా (యూడీఎస్) కాగితం మాకు చూపించారు, కానీ నిర్మాణానికి అనుమతే లేదు. రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే రెరా సంస్థ ఇచ్చే నంబర్ అడగాలని అప్పుడు మాకు తెలియదు.

ఇప్పుడు తెలుసు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలం గానీ ఎనిమిదికి మించి ఫ్లాట్లు గానీ ఉంటే రెరాలో నమోదు కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. నమోదయ్యాక కూడా అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. ఫిర్యాదు ఇచ్చాం, తిరుగుతున్నాం. నాన్న ఆ దారిలో బస్సు ఎక్కడం మానేశారు. అక్కా, ధర తక్కువ అనగానే మనసు ఆగదు, నాకు తెలుసు. దయచేసి నంబర్ చూశాకే మాట్లాడండి.

కొత్తపేట డాక్యుమెంట్లు
తమ్ముడూ, చాలా బాధేసింది. కేసు వదలకండి.

సెకండ్‌హ్యాండ్ చూసేవాళ్లకు నాలుగు మాటలు. మేం 11 ఫ్లాట్లు చూసి పన్నెండోది కొన్నాం. కట్టేటప్పుడు బిల్డర్ పది శాతం నిర్మాణాన్ని అనుమతి ఇచ్చే జీహెచ్ఎంసీకో హెచ్ఎండీఏకో తనఖా పెడతాడు. ప్లాన్ ప్రకారం కట్టారు, ఇక ఉండొచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. కొన్ని ఫ్లాట్లు ఆ తనఖాలోనే ఉండగా అమ్మేస్తారు. ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపించే ఈసీ తీస్తే బయటపడుతుంది. మాకు నచ్చిన తొమ్మిదో ఫ్లాట్ అలాగే తనఖాలో ఉందని తెలిసింది, ఏడుపొచ్చింది కానీ వదిలేశాం. పైన పెంట్‌హౌస్ ఉంటే ప్లాన్‌లో ఉందో లేదో చూడండి. దగ్గర్లో చెరువు ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీరు చేరే హద్దు), దాని చుట్టూ కట్టకూడని బఫర్ హద్దులు కనుక్కోండి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఈ మాట అందరికీ అర్థమైంది.

ఇంకొకటి. ఓనర్ సగం బ్లాక్‌లో అడుగుతాడు. ఒప్పుకోవద్దు. అగ్రిమెంట్‌లో ధర తగ్గితే లోన్ కూడా తగ్గుతుంది, ఆ తేడా అంతా మీ 9 లక్షల్లోంచే పోవాలి.

లోన్ సెక్షన్
చాలా సరిగ్గా చెప్పారు. కొత్తది కొనేవాళ్లకు జీఎస్టీ కూడా గుర్తు చేస్తాను. నిర్మాణంలో ఉన్న ఫ్లాట్ 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్ల లోపు అయితే 1 శాతం, లేకపోతే 5 శాతం. 60 మీటర్లంటే దాదాపు 645 అడుగులు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు.

గాజులరామారం
గత ప్రభుత్వం పేదలకు ఉచితంగా కట్టించిన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు మేమూ పెట్టుకున్నాం, రాలేదు. కొల్లూరులో 15,660 ఇళ్లు ప్రారంభించినప్పుడు మా వీధివాళ్లమంతా ఆశపడ్డాం. ఇల్లు కట్టుకోవడానికి ప్రభుత్వం డబ్బిచ్చే ఇందిరమ్మ ఇల్లు అంటే సొంత జాగా ఉండాలి, సిటీలో మాకు జాగా ఎక్కడిది? మీకు 68 వేలు వస్తున్నాయి కాబట్టి కొనుక్కునే దారే చూడండి అక్కా.

రామంతాపూర్ అద్దెఇల్లు
అందరికీ చేతులెత్తి నమస్కారం. రాత్రి ఇద్దరం కూర్చుని లెక్క మళ్లీ వేసుకున్నాం. బడ్జెట్ 30 లక్షలకు తగ్గించాం. అప్పుడు చేతి డబ్బు 7 లక్షల పాతికవేలతో సరిపోతుంది, పాప ఫీజుకు కొంత మిగులుతుంది. ఆదివారం బోడుప్పల్‌లో ఎనిమిదేళ్ల పాత ఫ్లాట్ ఒకటి చూడబోతున్నాం. ఓనర్ ఈసీ, లింక్ డాక్యుమెంట్ల (పాత ఓనర్ల నుంచి వచ్చిన కాగితాల) జిరాక్స్ ఇస్తామన్నారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడిగితే మాత్రం ‘ఎక్కడుందో వెతకాలి’ అన్నారు. ‘వేరేవాళ్లు కూడా చూస్తున్నారు, 50 వేలు టోకెన్ ఇస్తే ఆపుతా’ అని కూడా అన్నారు.

కొత్తపేట డాక్యుమెంట్లు
ఆ సర్టిఫికెట్ కళ్లతో చూసేదాకా ఒక్క రూపాయి ఇవ్వకమ్మా. ఇల్లు పోతే పోయింది, ఇంకోటి చూసుకోవచ్చు.

రామంతాపూర్ అద్దెఇల్లు
సరే అక్కా. టోకెన్ డబ్బు తీసుకెళ్లం. చూసొచ్చి సోమవారం రాస్తాను.