16 పిన్నుల కనెక్టర్ కమిలిపోయింది: ఈ కార్డును ఇంకా వాడవచ్చా?

ప్రశ్న

నేను హైదరాబాద్‌లో ఇంటి నుంచే భవనాల త్రీడీ చిత్రాలు రెండర్ చేసి ఇస్తుంటాను. నా దగ్గరున్నది 16 పిన్నుల పవర్ కనెక్టర్ గల 450 వాట్ల గ్రాఫిక్స్ కార్డు. పవర్ సప్లై పాతది కావడంతో, నాలుగు 8 పిన్నుల కేబుళ్లను కలిపే అడాప్టర్‌తో నడుపుతున్నాను. గత వారం ఒక పెద్ద ఫైలు రెండర్ అవుతుండగా తెర నల్లబడింది, ఫ్యాన్లు మాత్రం పూర్తి వేగంతో తిరగసాగాయి, ప్లాస్టిక్ కమిలిన వాసన వచ్చింది. కేబుల్ ఊడదీసి చూస్తే అడాప్టర్ చివరనున్న ఒక రంధ్రం అంచు కరిగి లోపలికి కుంగి ఉంది, దాని పక్కది గోధుమ రంగుకు తిరిగింది. కార్డు వైపున అదే స్థానంలోని పిన్నుపై నల్లటి పొర కనిపిస్తోంది. మళ్లీ బిగిస్తే కార్డు మామూలుగానే ఆన్ అవుతోంది.

ఆ పొరను శుభ్రం చేసి, కొత్త కేబుల్‌తో వాడుకోవచ్చా? వారంటీ ఇంకా మిగిలే ఉంది గాని, అమ్మినవారు ఇది వాడకంలో జరిగిన భౌతిక నష్టమని, వారంటీ వర్తించదని అంటున్నారు. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం (బోర్డు రిపేరు చేసేవారు)

ముందుగా ఒక మనవి: ఆన్ అవుతోంది కదా అని దయచేసి మళ్లీ లోడు పెట్టకండి. డెస్క్‌టాప్ తెర చూపడానికి కార్డు తీసుకునే కరెంటు చాలా తక్కువ. రెండరింగ్ మొదలైన తరువాతే ఆ కనెక్టర్ అసలు స్థితి బయటపడుతుంది.

కారణం అర్థం కావాలంటే కొద్దిగా లెక్క చూడాలి. 450 వాట్లను 12 వోల్టులతో భాగిస్తే 37.5 ఆంపియర్లు వస్తాయి. ఈ కనెక్టర్‌లో 12 వోల్టుల కరెంటును కార్డుకు తెచ్చేవి ఆరు పిన్నులే. ఆ కరెంటు ఆ ఆరింటిలో సమానంగా పంచుకుంటే ఒక్కొక్క దానిలో 6 ఆంపియర్లకు కొంచెం పైగా పోతుంది, అది పిన్ను భరించగలిగేదే. పాత 8 పిన్నుల కనెక్టర్‌కు పెట్టిన పరిమితి 150 వాట్లు మాత్రమే, పిన్నుల మధ్య దూరం 4.2 మిల్లీమీటర్లు. కొత్తదానిలో ఆ దూరం 3 మిల్లీమీటర్లకు తగ్గింది, పరిమితి 600 వాట్లకు పెరిగింది. అంటే పాతదానిలో ఉన్నంత వెసులుబాటు ఇందులో లేదు.

అసలు సమస్య సమానంగా పంచుకోకపోవడంలో ఉంది. కేబుల్ పూర్తిగా దిగకపోయినా, పిన్నును పట్టుకునే లోపలి లోహపు ముక్క (టెర్మినల్) పట్టు సడలినా ఆ పిన్నులో నిరోధం పెరిగి, కరెంటు మిగిలిన పిన్నుల వైపు మళ్లుతుంది. వేడి కరెంటు వర్గాన్ని (స్క్వేర్) బట్టి పెరుగుతుంది గనుక, కరెంటు రెట్టింపైన పిన్నులో వేడి నాలుగు రెట్లవుతుంది. అందువల్ల చాలాసార్లు కాలిపోయేది చెడ్డ పిన్ను కాదు, చెడ్డవాటి భారాన్ని కూడా మోసిన మంచి పిన్ను. మీరు నల్లబడిన ఒక్క పిన్నునే శుభ్రం చేస్తే, తప్పు జరిగిన చోటును ముట్టుకోనట్టే అయ్యే అవకాశం ఉంది.

ఈ అసమానతను కార్డు ఎందుకు కనిపెట్టదని మీరు అడగవచ్చు. 2022 మార్చిలో వచ్చిన ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3090 టీఐలో ఆరు పిన్నులను రెండేసి చొప్పున మూడు జతలుగా విడదీసి కొలిచేవారు. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన 4090లో ఆరూ కార్డులోకి రాగానే ఒక్కటిగా కలిసిపోతాయి కాబట్టి, మొత్తం ఎంత వస్తున్నదో కార్డుకు తెలుస్తుంది గాని ఏ పిన్ను నుంచి ఎంత వస్తున్నదో తెలియదు. నా దృష్టిలో అసలు లోపం ఇదే. వినియోగదారు కేబుల్ సరిగా బిగించలేదన్న ఒక్క మాటతో దీనిని తోసిపుచ్చడం న్యాయం కాదు. 2023లో ఇదే 16 పిన్నుల కనెక్టర్‌కు వచ్చిన 12వీ-2×6 అనే సవరణలో సంకేతాల కోసం ఉన్న నాలుగు చిన్న పిన్నుల పొడవు తగ్గించారు. కేబుల్ పూర్తిగా దిగకపోతే కార్డు విద్యుత్తు తీసుకోకుండా ఆపడమే దాని ఉద్దేశం. ఆ మార్పు మంచిదే, కాని పంపకం సమానంగా ఉందో లేదో అది చూడదు. 2025 ఫిబ్రవరిలో జర్మనీకి చెందిన ఓవర్‌క్లాకర్ (కంప్యూటర్ భాగాలను నిర్ణీత వేగానికి మించి నడిపి పరీక్షించే వ్యక్తి) రోమన్ హార్టుంగ్ ఆర్‌టీఎక్స్ 5090 కార్డును పరీక్షించినప్పుడు ఒక తీగలో 20 ఆంపియర్లకు పైగా కరెంటు నమోదైంది, పవర్ సప్లై వైపు కనెక్టర్ 150 డిగ్రీల వరకు వేడెక్కింది.

కనుక మీ ప్రశ్నకు నా సమాధానం: శుభ్రం చేసి వాడవద్దు. వేడికి పిన్ను పైపూత ఒకసారి పాడైతే, గీకిన కొద్దీ నిరోధం పెరుగుతుందే గాని తగ్గదు. ఆ అడాప్టర్‌ను పక్కన పడేయండి, దానిని మరో కార్డుకు అసలే తగిలించకండి. అదే విధంగా ఈ కార్డుకు కొత్త కేబుల్ పెడితే కొత్త కేబుల్ కూడా పాడవుతుంది. కార్డు మీది కనెక్టర్‌ను తీసి కొత్తది సోల్డర్ చేయించవచ్చు. ఆ పిన్నులు మందపాటి రాగి పొరలకు అతికి ఉంటాయి కాబట్టి, బోర్డును కింది నుంచి ముందుగా వేడిచేసే ప్రీహీటర్ ఉన్న చోటనే ఇవ్వండి. వట్టి సోల్డరింగ్ ఐరన్‌తో లాగితే రంధ్రాల లోపలి రాగి ఊడివస్తుంది.

రెండవ సమాధానం

రిపేరుకు ఇచ్చే ముందు వారంటీ సంగతి తేల్చుకోండి, ఎందుకంటే బయట సోల్డర్ చేయించిన కార్డును తయారీదారు మళ్లీ తీసుకోరు. కనెక్టర్‌కు రెండు వైపులా దగ్గరగా ఫోటోలు తీసి, ఆ అడాప్టర్ కార్డు పెట్టెలోనే వచ్చిందా అన్నది స్పష్టంగా రాసి, దుకాణానికి కాకుండా నేరుగా తయారీదారుకు ఈమెయిలు పంపండి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, అందుకు గడువు రెండేళ్లు. కాలిన అడాప్టర్‌ను వాడకండి గాని పారేయకండి, మీ దగ్గరున్న సాక్ష్యం అదే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అడాప్టర్ కార్డుతో పాటు వచ్చినదే. తయారీదారుకు ఈ రోజే రాస్తాను, అడాప్టర్‌ను కూడా భద్రంగా ఉంచుతాను. కార్డు మార్చి ఇచ్చినా, బాగుచేయించుకున్నా, మళ్లీ ఇదే జరగకుండా ముందుగా కనిపెట్టే మార్గం ఏదైనా ఉందా? పక్కకు వంగిన 90 డిగ్రీల అడాప్టర్లు వాడితే కేబుల్‌పై ఒత్తిడి తగ్గుతుందని ఒకరు సలహా ఇచ్చారు.

మొదటి సమాధానం ఇచ్చినవారు

ఆ వంపు అడాప్టర్ల జోలికి పోకండి. అదనంగా పెట్టే ప్రతి అడాప్టర్ మరిన్ని అతుకులను చేరుస్తుంది. అటువంటివి సుమారు 25,300 వరకు 2024 ఫిబ్రవరిలో అమెరికాలో వెనక్కి రప్పించారు. వీలైతే మీ పవర్ సప్లై తయారీదారే ఆ మోడల్‌కు ఇచ్చే 16 పిన్నుల కేబుల్‌ను నేరుగా వాడండి. వేరే కంపెనీ కేబుల్ రంధ్రాల్లో సరిపోయినా తీగల అమరిక వేరుగా ఉండవచ్చు కనుక దానిని పెట్టకూడదు. కేబుల్ బిగించాక కనెక్టర్‌కు, కార్డుకు మధ్య సందు లేదని టార్చ్ వేసి చూడండి. కనెక్టర్ నుంచి కనీసం 35 మిల్లీమీటర్ల వరకు తీగలను వంచకండి, క్యాబినెట్ తలుపు వాటిని నొక్కకుండా చూడండి.

ముందుగా కనిపెట్టడానికి క్లాంప్ మీటర్ (తీగను కోయకుండా, దాని చుట్టూ పట్టి కరెంటును కొలిచే పరికరం) ఉపయోగపడుతుంది. అది డీసీ కరెంటును కొలిచేదై ఉండాలి, చవకగా దొరికే చాలా మీటర్లు ఏసీని మాత్రమే కొలుస్తాయి. రెండర్ నడుస్తుండగా 12 వోల్టుల ఆరు తీగలను ఒక్కొక్కటిగా మీటరు దవడలో పెట్టి చూడండి. అన్నీ 6 ఆంపియర్లకు అటూ ఇటూగా ఉంటే సరే. ఏదైనా 9 దాటినా, ఏదైనా 2 లేక 3 దగ్గరే ఆగిపోయినా కంప్యూటర్ ఆపి కేబుల్ మార్చండి. బాగుందని తేలినా ఊరికే తీసి పెడుతూ పరీక్షించవద్దు, ఈ కనెక్టర్‌ను తీసి బిగించగలిగేది సుమారు 30 సార్లే.

మీ పనికి తగినది మరొకటి ఉంది. ఆఫ్టర్‌బర్నర్ అనే గ్రాఫిక్స్ కార్డు నియంత్రణ ప్రోగ్రాములో పవర్ లిమిట్‌ను (కార్డు తీసుకోగల గరిష్ఠ విద్యుత్తు) 75 శాతానికి తగ్గించండి. కరెంటు ఆ మేరకు తగ్గితే అతుకుల్లో పుట్టే వేడి సుమారు 56 శాతానికి పడిపోతుంది, రెండర్ వేగం మాత్రం అంతగా తగ్గదు. రాత్రిపూట ఎవరూ చూడని సమయంలో నడిచే పనులకైతే దీనిని తప్పకుండా పెట్టుకోండి.