గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగ్ దుమ్ము, ఎవరికి చెప్పాలి?

అన్నలూ, కరీంనగర్ దగ్గర ఒక గ్రానైట్ క్వారీలో మేట్‌గా (పనివాళ్ల భద్రత చూసుకునే సూపర్‌వైజర్‌గా) చేరి ఎనిమిది నెలలైంది. జాక్‌హామర్‌తో హోల్స్ కొట్టేటప్పుడు నీళ్లు వాడాలని నేర్చుకున్నా, ఇక్కడేమో అంతా పొడి డ్రిల్లింగే, మధ్యాహ్నానికల్లా మనుషుల కనుబొమ్మలు కూడా తెల్లబడిపోతాయి. మూతికి తువ్వాలు కట్టుకుంటే చాలంటారు. సిలికోసిస్ (రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) తెచ్చే దుమ్ము కంటికే కనపడనంత సన్నం, తువ్వాలు ఏం ఆపుతుంది?

మా పాత డ్రిల్లర్ ఒకాయన నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. బీడీల వల్లే అంటాడు (బీడీలూ తాగుతాడు, అది వేరే సంగతి). 1955 నాటి గనుల నిబంధనల్లో ఐదేళ్లకోసారి వైద్య పరీక్ష అని రాసి ఉంది కదా, ఆయన పన్నెండేళ్ల సర్వీసులో ఒక్కసారి కూడా చేయించలేదట. నీళ్లు పెట్టి డ్రిల్లింగ్ చేయిద్దామని ఓనర్‌ని అడిగితే తాగడానికే నీళ్లు లేవు, నీకెందుకయ్యా అన్నాడు.

డీజీఎంఎస్‌కి (గనుల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ శాఖకి) ఫిర్యాదు చేస్తే నా పేరు బయటికొస్తుందా, అదే పెద్ద టెన్షన్. ముందు ఆ పాత డ్రిల్లర్‌ని పెద్ద దవాఖానకు తీసుకెళ్లి ఎక్స్‌రే తీయిస్తే అది నష్టపరిహారానికి పనికొస్తుందా, లేక టీబీ అని మందులిచ్చి పంపేస్తారా? డాక్టర్‌కి ఏమేం చెప్పాలి? క్వారీల్లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.