తెలుగు చదవలేని పిల్లలున్న సంఘంలో ఆరాధన ఎలా నడపాలి?

అందరికీ వందనాలు. సికింద్రాబాద్‌లో ఒక సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘానికి కాపరిని (పాస్టర్‌ని), రిటైర్మెంట్ దగ్గరపడింది. మా పెద్దవాళ్లు హార్మోనియం, తబలాతో కీర్తనలు పాడుతూ పెరిగినవాళ్లు. చాలామందికి పుస్తకం తెరవక్కర్లేదు. వాళ్ల పిల్లలు, మనవలు మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేస్తారు. తెలుగు బాగానే మాట్లాడతారు కానీ చదవలేరు. కీర్తనల్లోని గ్రాంథిక భాష వాళ్లకు అందదు. గిటార్, డ్రమ్స్, తెర మీద పాట కావాలంటారు. అది తప్పని నేననను, వాళ్ల భక్తి నిజమైనదే.

ఇప్పుడు కమిటీలో ఇంగ్లీష్ ఆరాధన వేరుగా పెట్టమంటున్నారు. నా టెన్షన్ అంతా అక్కడే. 1947లో ఆంగ్లికన్, మెథడిస్ట్, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలు కలిసి ఏర్పడిన సభ మాది. అలాంటి చోట నానమ్మ ఒక ఆరాధనకు, మనవరాలు ఇంకో ఆరాధనకు రావడం, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ప్రభురాత్రి భోజనం (రొట్టె, ద్రాక్షారసం) తీసుకోకపోవడం నాకు మింగుడుపడటం లేదు.



మీ సంఘాల్లో రెండు భాషలు కలిపి ఒకే ఆరాధన నడిపారా? ప్రసంగం ఏ భాషలో చెప్పారు? కీర్తనలను ఇంగ్లీష్ అక్షరాల్లో తెర మీద వేస్తే పిల్లలు నిజంగా పాడారా? వేరుగా పెట్టినవాళ్లుంటే, తర్వాత ఏమైందో దాచకుండా చెప్పండి. నా తర్వాత వచ్చే అయ్యగారికి అప్పగించేలోపు దీన్ని ఒక దారిలో పెట్టాలని ఉంది.